కూర పెంచండి... అన్నం అదే తగ్గుతుంది

శనివారం రాత్రి చాలా ఇళ్లలో అన్నం ముట్టరు. ఏడుకొండలవాడికి ఒక్కపొద్దు, రాత్రికి ఫలహారమే. ఆ ఫలహారం ఏమిటా అని వంటింట్లోకి తొంగిచూస్తే పెనం మీద నాలుగో దోసె కాలుతూ ఉంటుంది. పక్కన గిన్నెడు పల్లీ చట్నీ. ఓపికుంటే పూరీలు, అందులోకి బంగాళాదుంప కూర. అన్నం మానేసిన పూట కడుపులో పడింది అన్నం తిన్న పూట కంటే ఎక్కువే. భక్తికి వంక పెట్టడం లేదు. పుణ్యం దక్కే ఉంటుంది, నడుము మాత్రం తగ్గదు.

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్న రోజున మనం చేసే మొదటి పని కూడా అచ్చం ఇలాంటిదే. ‘రేపట్నుంచి అన్నం బంద్’ అంటాం. ఖాళీ అయిన చోటులోకి ఏం రావాలో ఆలోచించం. మూడు రోజులు చపాతీ, నాలుగో రోజు ఓట్స్, వారం తిరిగేసరికి వేడన్నం, ఆవకాయ, నెయ్యి. నిగ్రహం లేదని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, ఆకలేస్తున్న మనిషిని ఎవరైనా ఎన్నాళ్లు ఆపగలరు?

మన భోజనంలో బరువు పెంచే దుర్మార్గపు పదార్థం ఒకటుందని, దాన్ని పట్టుకుని బయటికి గెంటితే చాలని అనుకున్నంతకాలం ఈ తిప్పలు తప్పవు. కంచంలో దేనికెంత చోటు అన్నదగ్గరే చిక్కంతా ఉంది. కూర కలుపుకుని అన్నం తినడం మన అలవాటు. అన్నం కలుపుకుని కూర తినడం మొదలుపెడితే కడుపు నిండుతుంది, నీరసం రాదు, బరువు మెల్లగా దారికొస్తుంది. 

మూడు గాలులు వీచాయి

రెండు దశాబ్దాలుగా తెలుగునాట ఆహార ఉద్యమాలకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట నేర్పారు. పొద్దున్నే నీళ్లు, మొలకలు, పండ్లు. టీవీ ముందు పుస్తకం పెట్టుకుని రాసుకున్న ఇల్లాళ్లు ఎందరో! 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ వచ్చి ఆ లెక్కను తలకిందులు చేశారు. అన్నం, పప్పులు, పండ్లు పక్కన పెట్టి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు అన్నారు. తలకు రాసుకునే కొబ్బరినూనె అప్పటినుంచి గ్లాసులోకి చేరింది. ఆ తర్వాత వంతు సిరిధాన్యాలది. ప్రొద్దుటూరు నుంచి వెళ్లి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ మాట విని కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు డబ్బాల్లోకి ఎక్కాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందీ ఆ ఏడాదినే.

ఒకరు నూనె ముట్టొద్దంటే ఇంకొకరు నూనె తాగమన్నారు. అయినా మూడు దారుల్లోనూ బరువు తగ్గినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. కిటుకు తెలియాలంటే కంచంలోకి వచ్చినవాటిని వదిలేసి పోయినవాటిని చూడాలి. తెల్లన్నం గుట్ట పోయింది. పంచదార పోయింది. సాయంత్రం బజ్జీలు, బేకరీ పఫ్‌లు పోయాయి. ఎవరి పేరు పెట్టుకున్నా పోయినవి మాత్రం అవే.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం ఈ తగువును పెద్ద ఎత్తున పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించింది. 609 మందిని రెండు జట్లుగా విడదీసి ఒకరికి కొవ్వు తక్కువ తిండి, ఇంకొకరికి పిండిపదార్థం తక్కువ తిండి ఏడాదిపాటు తినిపించారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గితే రెండోది 6 కిలోలు తగ్గింది. ఇది గెలుపోటములు తేల్చేంత తేడా కాదు. జట్లు వేరైనా ఇద్దరికీ ఉమ్మడిగా చెప్పిన మాటలు కొన్ని ఉన్నాయి: కూరగాయలు వీలైనన్ని తినండి, పంచదార, మైదా తగ్గించండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి.

మొదటి వారంలో మూడు కిలోలు తగ్గామని చెప్పేవాళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. పిండిపదార్థం ఒక్కసారిగా ఆపేస్తే కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ ఖర్చయిపోతుంది. ఒక గ్రాము గ్లైకోజన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి నిల్వ కరిగితే నీరూ పోతుంది. త్రాసు ముల్లు కిందికి దిగింది అందుకే. మళ్లీ అన్నం తిన్న రెండు రోజుల్లో ఆ నీరు తిరిగొస్తుంది, ‘నా ఒళ్లే అంత’ అన్న నిరాశ కూడా వెంట వస్తుంది.

చిరుధాన్యాల మీద అభిమానం ఉన్నవాళ్లు కోప్పడకూడదు గానీ, వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే జొన్నల్లో, రాగుల్లో 320 నుంచి 335 దాకా ఉంటాయి. గిన్నెడు అన్నం తీసేసి గిన్నెడు కొర్రన్నం పెట్టుకుంటే కేలరీల్లో మిగిలేది కొంచెమే. పీచు ఎక్కువగా దొరుకుతుంది. రాగుల్లోనైతే వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది కూడా ఉండదు. తినడానికి ఈ కారణాలు చాలు. బరువు తగ్గించే మహిమ ఏదో గింజలోనే ఉందనుకుని రెట్టింపు తింటే కొర్రలు మాత్రం ఏం చేస్తాయి?

తార్నాక చెప్పిన కంచం

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు వందేళ్లు దాటాయి. అది పుట్టింది ఇక్కడ కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని ఒక చిన్న ప్రయోగశాల తెరిచారు. బియ్యాన్ని తెల్లగా మరపట్టించి అదొక్కటే తినేవాళ్లకు వచ్చే జబ్బు అది. తవుడుతోపాటు పోయే బి1 విటమిన్ కొరతే కారణం. ఆయన దేశంలోని రకరకాల ప్రాంతాల తిండిని ఎలుకలకు పెట్టి చూశారు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పు, ఆకుకూరలు ఉన్న పంజాబీ సిక్కుల తిండి తిన్న ఎలుకలు ఏపుగా ఎదిగాయి. అన్నమే ప్రధానమైన మదరాసు తిండి తిన్నవి గిడసబారాయి. కోస్తా, రాయలసీమ అప్పట్లో మదరాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి మరి.

1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన ఆ సంస్థ ఇప్పుడు చెబుతున్నది అవతలి కొస కథ. ఒకప్పుడు ఒట్టి అన్నం మనిషిని ఎండబెట్టింది, ఇప్పుడు అదే అన్నం పొట్ట పెంచుతోంది. అప్పుడు పొద్దంతా మడిచెక్కలో వంగిన ఒళ్లు, ఇప్పుడు కుర్చీకి అతుక్కున్న ఒళ్లు. రెండు కాలాల్లోనూ లోటు మాత్రం ఒకటే, అన్నం పక్కన ఉండాల్సినవి లేకపోవడం.

ఆ సంస్థ 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు చాలే మనిషికి ఒక కంచం లెక్క కట్టింది. బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసాహారం వాటా 85 గ్రాములు. పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. అంటే ధాన్యం కంటే కూరగాయలు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో కుక్కర్ సైజును, కూర గిన్నె సైజును పక్కపక్కన పెట్టి చూస్తే మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని ఆ సంస్థ అంటుంటే, దేశంలో సగటు మనిషి కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి ‘ఇండియాబ్’ అధ్యయనం 2025లో తేల్చింది.

మనవాళ్ల ఒంటి తీరు కూడా ఈ విషయంలో కాస్త మొండిది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, ఆయన బ్రిటన్ మిత్రుడు జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకూ బరువుకూ ఉన్న లెక్క) 22.3. కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం! చూడ్డానికి సన్నగానే ఉంటాం, కొవ్వు లోపల పొట్ట చుట్టూ దాక్కుంటుంది. అందుకే మన వైద్యులు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. రోజూ త్రాసెక్కి బెంగపడేకన్నా నెలకోసారి టేపు పట్టుకోవడం నయం.

ప్రతి విడతకూ అన్నమే

పెళ్లి విస్తరి సంగతి సరే, మామూలు మధ్యాహ్నం భోజనం చూడండి. మొదట ముద్దపప్పు, నెయ్యి. దానికింత అన్నం. తర్వాత వంకాయ కూర, దానికి మళ్లీ అన్నం. గోంగూర పచ్చడి ఎదురుగా కనిపిస్తుంటే ఒక్క ముద్దయినా కలపకుండా ఉండలేం. అటుపైన సాంబారో చారో పోసుకుంటాం, అన్నం చాలక ‘ఇంకొంచెం వడ్డించు’ అంటాం. చివర పెరుగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టే కాదు. పప్పు మారింది, కూర మారింది, పులుసు మారింది, మారనిది అన్నం ఒక్కటే. ఒక్కో విడతకు 80 గ్రాముల చొప్పున నాలుగు విడతలే అనుకున్నా 320 గ్రాముల అన్నం, 400 కేలరీల పైమాట. మనం పెట్టుకునేది అంతకంటే ఎక్కువేనని ఎవరికివారికి తెలుసు.

అదే చిత్తూరు, అనంతపురం వైపు రాగి సంగటి తినేవాళ్లను చూడండి. కంచంలో ఒక ముద్ద పడుతుంది. దాని చుట్టూ పప్పో, పులుసో, కోడికూరో. ముద్ద అయిపోతే భోజనం అయినట్టే. జొన్నరొట్టె కూడా అంతే. రొట్టె తుంచి కూరను అందుకుంటాం గానీ రొట్టె మీద కూర చల్లుకోం. ధాన్యం మారడం వల్ల వచ్చే లాభం కంటే, ధాన్యానికి ‘ఇక చాలు’ అనే హద్దు ఉండడం వల్ల వచ్చే లాభం పెద్దదని నా అభిప్రాయం.

అన్నం తినేవాళ్లు కూడా ఆ హద్దు గీసుకోవచ్చు. ఒక్కసారే వడ్డించుకోవాలి. పప్పునూ కూరనూ అందులోనే సర్దుకోవాలి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు, మిరియాల చారు అలా తాగితేనే బాగుంటుంది. పెరుగును మజ్జిగ చేసుకోవచ్చు, లేదా దోసకాయో, కీరానో తరిగి పెరుగుపచ్చడి చేసుకోవచ్చు. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. పెరుగన్నం మానలేనివాళ్లు దాన్ని ఉంచుకుని చారన్నం వదిలేసుకోండి. వడ్డించే వరస కూడా పనికొస్తుంది. ఒకే భోజనంలో కూరగాయలూ మాంసమూ ముందు తిని, పిండిపదార్థం తర్వాత తింటే రక్తంలో చక్కెర తక్కువగా పెరిగిందని న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్యులు 2015లో గమనించారు. చాలా చిన్న ప్రయోగమే గానీ, పోయేదేముంది? అన్నం కలిపేముందు కూర నాలుగు ముద్దలు తినేయండి.

కూరంటే వేపుడొక్కటే కాదు

కూర ఎక్కువ తినమనగానే వచ్చే చిక్కు నూనె. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, కాకరకాయ వేపుడు... అరకిలో కూరగాయలు మూకుట్లో మగ్గి మగ్గి గుప్పెడవుతాయి. అలాంటివి 400 గ్రాములు తినాలంటే నూనెలో ఈదాలి. అందుకే రోజుకు ఒక వేపుడు చాలు, రెండో కూర నీళ్లలోనో ఆవిరి మీదనో ఉడకాలి. ఆవపెట్టిన అరటికాయ, పెసరపప్పు వేసిన పొట్లకాయ, పాలు పోసిన సొరకాయ, నువ్వులపొడి చల్లిన బీరకాయ, శనగపప్పు పెట్టిన క్యాబేజీ. ఇవన్నీ మన అమ్మమ్మలు చెంచాడు నూనెతో తాలింపు పెట్టి దించినవే. తోటకూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మునగాకు, తెలంగాణ పల్లెల్లో వర్షాకాలం చేలగట్ల మీద దొరికే గంగవాయిలి పప్పులో వేసేస్తే ఆకుకూర లెక్క అక్కడికక్కడే తీరిపోతుంది. బంగాళాదుంప, చామదుంప, కంద మాత్రం పేరుకే కూరలు. అవి అన్నంలో కలుపుకోవడమంటే అన్నంలో అన్నం కలుపుకోవడమే.

నూనె లెక్కకు రోజూ చెంచాలు పట్టుకోనక్కర్లేదు. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు, అదీ నెయ్యితో కలిపి. నెలలో ఎన్ని ప్యాకెట్లు కత్తిరించారో లెక్కపెట్టుకుంటే చాలు.

పప్పు దగ్గర ఒక సంగతి చెప్పాలి. కందిపప్పులో వంద గ్రాములకు 20 గ్రాముల పైనే మాంసకృత్తులుంటాయి. కడుపు నిండిన తృప్తిని ఎక్కువసేపు నిలిపేవి అవే. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడేవీ అవే. అయితే నలుగురికి ఒక చిన్న గ్లాసు పప్పు పోసి, పలుచగా చేసి, ‘మేం రోజూ పప్పు తింటాం’ అంటే లెక్క తేలదు. పప్పు చిక్కబడాలి. పొద్దున ఇడ్లీ బదులు వారంలో కొన్ని రోజులు పెసరట్టు (ఉప్మా లేకుండా, ఆ జోడీ ఎంత రుచైనా సరే), ఓ ఉడకబెట్టిన గుడ్డు, సాయంత్రం ఉడికించిన శనగలు. చేపలు తినేవాళ్లకైతే పులుసు ఉండనే ఉంది.

తెలియకుండా వచ్చి చేరేవి వేరే. రెండేసి చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాములు. రోజంతటికీ 25 గ్రాములు దాటొద్దన్న హద్దు టీ కప్పుల్లోనే దాటిపోయింది. ఇక ప్యాకెట్లు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 2019లో 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి ఎంత కావాలంటే అంత పెట్టించారు. పోషకాలు రెండింటిలోనూ సమానంగా ఉండేట్టు చూశారు. అయినా ప్యాకెట్ తిండి మీద ఉన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో ఒంటికి దాదాపు కిలో చేరింది. ‘రాగి బిస్కెట్’ ప్యాకెట్ వెనక ఏం రాసుందో ఓసారి చదవండి, చాలావాటిలో మొదటి పేరు రాగిది కాదు.

పొద్దున్నే తేనె, నిమ్మకాయ నీళ్లు తాగితే కొవ్వు కరుగుతుందా? కరగదు. జీలకర్ర నీళ్లకూ ఆ శక్తి లేదు. 

బియ్యం ఉచితం, కూరగాయలు మాత్రం...

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనిపించవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు అది పేదవాడి ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయలేం. జొన్న, సజ్జ, కొర్ర పండే మెట్ట ఊళ్లలో కూడా ఆ తర్వాత వరన్నమే పొయ్యికెక్కింది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డులో ఒక్కొక్కరికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములన్నమాట. పోషకాహార సంస్థ చెప్పిన 250 గ్రాముల ధాన్యంలో ఎక్కువ భాగం చౌకధరల దుకాణమే తీరుస్తోంది. మిగతా కంచం? నలుగురికి రోజుకు 1.6 కిలోల కూరగాయలు సంతలో కొనుక్కోవాలి. టమాటా వంద దాటిన నెలలో కూలికి వెళ్లే ఇల్లు దేంతో కడుపు నింపుకుంటుందో వేరే చెప్పాలా? వాళ్లకు ‘అన్నం తగ్గించండి’ అని సలహా ఇచ్చే హక్కు మనకు లేదు. రేషన్‌లో పప్పు, రాగులు, జొన్నలు బియ్యంతో సమానంగా, క్రమం తప్పకుండా రావాలని అడిగే హక్కు మాత్రం అందరికీ ఉంది.

ఎంత త్వరగా?

వారానికి అరకిలో. పోషకాహార సంస్థ సురక్షితమని చెప్పిన వేగం ఇదే. రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గించి తినొద్దనీ చెప్పింది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి, అరకిలో కరగాలంటే రోజుకు 550 దాకా తగ్గాలి. మధ్యాహ్నం రెండు విడతల అన్నం, రెండు టీల పంచదార, సాయంత్రం బజ్జీల ప్లేటు పక్కన పెడితే దాని దగ్గరికి వచ్చేస్తాం. అరగంట నడక దీనికి తోడు మాత్రమే. నడిచొచ్చి పూరీ తింటే లెక్క మొదటికొస్తుంది.

ఈమధ్య అందరి నోటా బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట వినిపిస్తోంది. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. అవసరమైనవాళ్లకు అవి మేలే చేస్తాయి, ఎవరికి అవసరమో డాక్టరు చెప్పాలి. వెగోవీలోని మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని పరీక్షల్లో తేలింది. ఆ మందు వాడేవాళ్లకు కూడా కంచం మార్చుకోక తప్పదు.

త్రాసు కదలకపోయినా ఒళ్లు బాగుపడుతుందనడానికి చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన ఉంది. మధుమేహం అంచున ఉన్నవాళ్లకు తిండి, నడక అలవాటు చేస్తే జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గిందని 2006లో ప్రకటించారు. వాళ్ల బరువు మాత్రం పెద్దగా మారలేదు.

ఇప్పటికే షుగరు మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. మందు మోతాదు డాక్టరుతో సరిచూసుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పు, గుడ్లు పెంచేముందు అడగాలి. గర్భిణులకు, బాలింతలకు ఇది బరువు తగ్గే సమయమే కాదు.

ఆమె కంచం

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారు. మగవాళ్లు 31 శాతం. తెలంగాణలో మగవాళ్లే కాస్త ఎక్కువ, 32 శాతం. ఆడవాళ్లు 30. కారణాలు చాలానే ఉంటాయి. వంటింట్లో రోజూ కనిపించే ఒకటి మాత్రం సర్వేలకు అందదు. అందరికీ వడ్డించాక ఆమె కూర్చునే వేళకు కూర గిన్నె అడుగంటి ఉంటుంది. అన్నం మిగిలి ఉంటుంది. పచ్చడి ఉంటుంది. పారేయడం ఇష్టంలేక పిల్లలు వదిలిన రెండు ముద్దలూ ఆమె కంచంలోకే వస్తాయి. ఇంటిల్లిపాదికీ కూరలు వండిన మనిషి ఒట్టి అన్నంతో భోజనం ముగిస్తుంది. ఆమెకు డైట్ చార్టు ఇచ్చి లాభం లేదు. కూర ఇంకో పావుకిలో ఎక్కువ తరగాలి. తరిగేది ఆయనైతే మరీ మంచిది. పొయ్యి మీంచి దించగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆమె వాటా ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టాలి. అదీ కుదరకపోతే అందరూ ఒకేసారి కూర్చుని, గిన్నెలు మధ్యలో పెట్టుకుని, ఎవరికి వాళ్లే వడ్డించుకోవాలి.